ఆల్ఫా మీద గుర్తు పెట్టంగనే బందయ్యే ప్రోగ్రాం: మా షాపుకొచ్చిన ఒక కేసు

నల్లగొండ గడియారం సెంటర్‌కి దగ్గర్ల నాకో షాపుంది, కంప్యూటర్ రిపేర్లు, డీటీపీ రెండూ చేస్తం. పెండ్లి కార్డులు, బడుల క్వశ్చన్ పేపర్లు, కరపత్రాలు, మధ్యల లాప్‌టాప్‌లు. గ్రీకు భాష మా షాపుకు వస్తదని నేనెప్పుడు అనుకోలే. వచ్చింది, దాన్ని పట్టుకోవడానికి దగ్గర దగ్గర రెండు వారాలు పట్టింది. గ్రీకు కొట్టేటోళ్లు మన దగ్గర తక్కువే కానీ ఫ్రెంచ్, జర్మన్ నేర్చుకునే పిల్లలకూ, సంస్కృతాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో గీతలు చుక్కలు పెట్టి రాసేటోళ్లకూ ఇదే తగలొచ్చు, అందుకే మొత్తం రాస్తున్న. మనిషి పేరు, ఊరు, ఆ ప్రోగ్రాంల పేర్లు తీసేసిన.

నేపథ్యం

వచ్చినాయన ఒక పాస్టరు, సాగర్ దారిలో ఒక ఊళ్లె చిన్న మందిరం నడుపుతరు. అందరూ పిల్చినట్టే నేనూ అయ్యగారూ అనే పిలుస్త. వయసు అరవై దాటింది. బైబిల్ కాలేజీల చదివేటప్పుడు గ్రీకు నేర్చుకున్నరు, తర్వాత వదల్లేదు. పల్లెల్లో వాక్యం చెప్పే పిల్లల కోసం యోహాను సువార్త మీద తెలుగులో పాఠాలు రాస్తున్నరు, అప్పటికే నూటయాభై పేజీల దాకా అయింది. తెలుగు వాక్యం నడుస్తుంటది, మధ్యల ఒక గ్రీకు మాట, దాని అర్థం, మళ్లీ తెలుగు. ఒక్కో లైన్‌ల మూడు నాలుగు సార్లు భాష మారుతది. ఈ సంగతి తర్వాత చాలా ముఖ్యమైతది.

లాప్‌టాప్‌ల విండోస్ 10. రాసేది ఒక ఉచిత వర్డ్ ప్రాసెసర్‌ల. తెలుగు కొట్టడానికి పాత టైపింగ్ టూల్ ఒకటి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే రకం, పదేండ్ల నుంచి ఆయన చేతికి అలవాటైనది. గ్రీకుకి విండోస్‌ల ఉండే గ్రీక్ పాలిటోనిక్ కీబోర్డు.

పాలిటోనిక్ అంటే ఏందో నేను కూడా అప్పుడే తెలుసుకున్న. పాత గ్రీకుల అచ్చు మీద మూడు రకాల స్వరం గుర్తులుంటయి, ఓక్సియా, వరియా, పెరిస్పోమెని. ఇవి కాక శ్వాస గుర్తులు రెండు, ప్సిలి, దసియా. కొన్ని అచ్చుల కింద చిన్న ఇయోటా కూడా. గ్రీసు దేశం 1982లో ఇవన్నీ తీసేసి ఒకటే గుర్తు ఉంచింది, దాన్ని టోనోస్ అంటరు. కానీ కొత్త నిబంధన గ్రీకు పాతది కాబట్టి దానికి అన్ని గుర్తులూ కావాలె.

నేను మొదట్ల ఆయన్ని అడిగిన, అయ్యగారూ గుర్తులు లేకుండ రాస్తే చదివేటోళ్లకు అర్థం కాదా అని. ఆయన కాయితం మీద రెండు సార్లు ఒకే రెండక్షరాలు రాసి చూపించిండ్రు. ఎప్సిలాన్, ను అనే అక్షరాలు. ఎప్సిలాన్ మీద ప్సిలి పెడితే "ఎన్", అంటే "లో". దసియా, ఓక్సియా పెడితే "హెన్", అంటే "ఒకటి". యోహాను 10:30ల నేనూ తండ్రీ ఒకటే అనే చోట ఉన్నది ఈ రెండోది. "గుర్తు తీసేస్తే ఒకటి అన్న మాట పోయి లో అన్న మాట మిగుల్తది తమ్మీ, పిల్లలకు నేనేం చెప్పాలె?" అన్నరు. మనకు ఒత్తు తీసేస్తే ఎట్లనో ఆయనకు అదట్ల. ఆ తర్వాత గుర్తులు వద్దు అనే మాట నేను ఎత్తలేదు.

తెచ్చిన సమస్య

"ఆల్ఫా మంచిగనే వస్తది, దాని మీద గుర్తు పెట్టంగనే మొత్తం మాయమైతున్నది." ఆయన చెప్పింది ఇంతే, ఆ మాట అక్షరాలా నిజం. వట్టి గ్రీకు అక్షరాలు ఎన్ని కొట్టినా ఏం కాదు. గుర్తున్న అక్షరం కొడితే ప్రోగ్రాం మూసుకుపోతది, ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి ఇంకో రెండు మూడు అక్షరాలు పడ్డంక. మళ్లీ తెరిస్తే రికవరీ అంటది, పది నిమిషాల పని పోతది. మూడు వారాల సంది గ్రీకు మాటలుండే చోట ఖాళీ గీతలు పెట్టుకుంట వచ్చిండ్రు, ఆ గీతలు చూస్తే నాకు బాధైంది.

ముందుగాల ఫైల్ కాపీ రెండు చోట్ల పెట్టిన, ఆటోసేవ్ రెండు నిమిషాలకు మార్చిన. ఏం వెతికినా ఈ పని అయినంకనే వెతకాలె.

ఏమేం చేసిన, ఎందుకు చేసిన

నా మొదటి అనుమానం ఫాంట్. ఇది నా వృత్తి నుంచి వచ్చిన అలవాటు. ఇన్నేండ్లు పేజ్‌మేకర్‌ల అను ఫాంట్లతో పని చేసిన, అక్కడ తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూసుంటయి, ఫాంట్ మారితే తెలుగంతా పిచ్చి గీతలైతది, అందుకని ఏ తేడా వచ్చినా మా చెయ్యి ముందు ఫాంట్ మీదికే పోతది. పైగా ఇక్కడ కారణం కూడా కనపడ్డది. యూనికోడ్‌ల (ప్రతి అక్షరానికి ఒక నంబరు ఇచ్చే పద్ధతి) మామూలు గ్రీకు 0370 నుంచి 03ఎఫ్ఎఫ్ వరకు ఒక బ్లాకుల ఉంటది, పాలిటోనిక్ గుర్తులతో కలిసిన అక్షరాలు ఎక్కువ భాగం వేరే బ్లాకు, 1ఎఫ్00 నుంచి 1ఎఫ్ఎఫ్ఎఫ్ వరకు, 256 స్థానాలు. ఆయన వాడే తెలుగు ఫాంట్‌ల ఈ రెండోది లేదు. అక్షరం ఫాంట్‌ల లేకపోతే ప్రోగ్రాం వేరే ఫాంట్ వెతుక్కుంటది, ఆ వెతికే కాడ పడిపోతుందేమో అనుకున్న. జెంటియం ఫాంట్ వేసిన, దాంట్ల పాలిటోనిక్ పూర్తిగా ఉంటది. గ్రీకు మాటలకు ప్రత్యేకంగా ఒక స్టైల్ చేసి ఇచ్చిన. గుర్తు కొట్టిన, ప్రోగ్రాం మూసుకుంది.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచిన, ఏ ప్రోగ్రాం ఎప్పుడు పడ్డదో విండోస్ రాసిపెట్టే చోటు అది. అప్లికేషన్ ఎర్రర్, ఐడీ 1000, పడ్డ ప్రతిసారీ ఒకటి రాసి ఉంది. తప్పు జరిగిన మాడ్యూల్ పేరు దగ్గర ఎన్‌టీడీఎల్ఎల్, కోడ్ చివర్ల సీ0000374. ఎన్‌టీడీఎల్ఎల్ అంటే విండోస్ సొంత ఫైల్, ప్రతి ప్రోగ్రాంల ఉంటది. దీన్ని చూసి నేను విండోస్ ఫైళ్లు చెడిపోయినయి అనుకొని సిస్టం ఫైల్ చెక్ నడిపిన, ఏం దొరకలే. ఆ కోడ్‌కి అర్థం హీప్ కరప్షన్ అని, అంటే ఎవరో మెమరీల తనది కాని చోట రాసిండ్రని. ఎన్‌టీడీఎల్ఎల్ దాన్ని గమనించి ప్రోగ్రాంను ఆపేస్తది. దొంగతనం చూసి విజిల్ ఊదిన వాచ్‌మన్ పేరు రిజిస్టర్‌ల ఉంది, దొంగ పేరు లేదు. ఇది ఆ రోజు నాకు పూర్తిగా వెలగలేదు. వెలిగుంటే ఇంకో మాట కూడా అర్థమయ్యేది, పాడుచేసిన క్షణం వేరు, పట్టుబడ్డ క్షణం వేరు కాబట్టే ఒక్కోసారి రెండు అక్షరాలు ఆలస్యంగా మూసుకుంటుందని.

ఆ తర్వాత చేసినవి గబగబ చెప్త. స్పెల్లింగ్ చెక్ తీసేసిన, పదం సగం కొట్టంగనే పూర్తి చేసేది తీసేసిన, గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ తీసేసిన, యూజర్ ప్రొఫైల్ ఫోల్డర్ పేరు మార్చి కొత్తది తయారు కానిచ్చిన, చివరికి ప్రోగ్రాంనే తీసేసి మళ్లీ వేసి లాప్‌టాప్ రీస్టార్ట్ చేసిన. ఈసారి గుర్తు పెట్టిన ఆల్ఫా వచ్చింది! ఎప్సిలాన్, ఈటా, అన్నీ కొట్టి చూసిన, ఇరవై నిమిషాలు కొట్టిన, ఏం కాలే. అయ్యగారికి ఫోన్ చేసి తీసుకపోమ్మన్న.

నాలుగో రోజు మళ్లీ ఫోన్. "తమ్మీ, మళ్ల గదే."

నేను బాగు చేసిన అనుకున్నది ఎందుకు బాగు కాలేదో ఇక్కడ ఆగి చెప్పాలె. రీఇన్‌స్టాల్‌తోని పోలేదు, రీస్టార్ట్‌తోని పోయింది. ఆయన టైపింగ్ టూల్ కంప్యూటర్‌తో పాటు మొదలవ్వదు, డెస్క్‌టాప్ మీద బొమ్మ నొక్కితే మొదలైతది. నేను రీస్టార్ట్ చేసినంక దాన్ని నొక్కనే లేదు, నా పరీక్ష గ్రీకు కాబట్టి తెలుగుతో నాకు పని పడలే. వచ్చిన ఫలితం నిజమే, కానీ ఆయన పనిచేసే పరిస్థితి అది కాదు.

వాళ్లింటికి పోయి చూసినంక

ఈసారి లాప్‌టాప్ తెమ్మనలేదు, నేనే బండి మీద పోయిన. నేనేం ముట్టుకోను అయ్యగారూ, మీరు రోజూ పొద్దున ఎట్ల మొదలుపెడ్తరో అట్లనే మొదలుపెట్టున్రి అని పక్కన కూసున్న. లాప్‌టాప్ తెరిచిండ్రు, తెలుగు టూల్ బొమ్మ నొక్కిండ్రు, ఫైల్ తెరిచిండ్రు, ఒక పేరా తెలుగు కొట్టిండ్రు, విండోస్ కీ స్పేస్ బార్ కలిపి నొక్కి గ్రీకుకి మార్చిండ్రు, ఎల్ పక్కన కీ నొక్కి ఆల్ఫా నొక్కిండ్రు. పోయింది.

నేను చూసిందల్లా ఆ చేతులు. గుర్తున్న ఒక్క అక్షరానికి ఆయన రెండు కీలు నొక్కుతున్నరు, ముందు గుర్తు, తర్వాత అక్షరం. మన గుణింతానికి ఇది ఉల్టా, మనం ముందు హల్లు కొట్టి తర్వాత గుడి కొడ్తం. ఈ గుర్తు కీని డెడ్ కీ అంటరు, నొక్కితే తెర మీద ఏమీ రాదు, తర్వాతి కీ కోసం కాసుకోని ఉంటది. అప్పటిదాక నేను వెతికిందంతా అక్షరం గురించి, అది ఏ బ్లాకు, ఏ ఫాంట్, ఎట్ల గీస్తది అని. అక్షరం తెర మీదికి రాకముందు ఒక దారి ఉంటదని, ఆ దారిల ఎవరైనా ఉండొచ్చని అప్పుడు తట్టింది.

అంటే అదే అక్షరాన్ని వేరే దారిల తెచ్చి చూడాలె. ఆయన ముందరనే చేసినం. క్యారెక్టర్ మ్యాప్ నుంచి గుర్తున్న ఆల్ఫా కాపీ చేసి పేస్ట్ చేసిన, ఏం కాలే. కోడ్ అంకెలు 1ఎఫ్71 కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కిన, అక్షరం వచ్చింది, ఏం కాలే. యాభై సార్లు పేస్ట్ చేసిన, సేవ్ చేసి మళ్లీ తెరిచిన. అక్షరం తప్పేం లేదు, ఫాంట్ తప్పు లేదు, ఫైల్ తప్పు లేదు, ఐదు నిమిషాల్లో తేలింది.

ఇప్పుడు రెండో ప్రశ్న, తప్పు గ్రీకు కీబోర్డుదా, డెడ్ కీలన్నిటిదా? యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ కీబోర్డు జోడించిన, దాంట్ల కొటేషన్ కీ డెడ్ కీ, అది నొక్కి ఇంగ్లీషు ఈ (e) నొక్కితే ఫ్రెంచ్ వాళ్ల గుర్తున్న ఈ (é) వస్తది. నొక్కిన. ప్రోగ్రాం మూసుకుంది. గ్రీకుకి దీంతో సంబంధమే లేదు! అయ్యగారు కుర్చీల నుంచి లేచి నిలబడ్డరు, మూడు వారాలు ఆయన తన గ్రీకు కీబోర్డునే అనుమానిస్తున్నరు.

మూడోది, నోట్‌ప్యాడ్‌ల అదే గుర్తు, అదే అక్షరం కొడితే మంచిగనే వచ్చింది. అంటే విండోస్ కీబోర్డు పని చేస్తున్నది, ఈ వర్డ్ ప్రాసెసర్ లోపల ఏదో తేడా. మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చి, వర్డ్ ప్రాసెసర్ లోపల ఏమేం డీఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రాంలు లోపలికి తెచ్చుకొని వాడే కోడ్ ఫైళ్లు) ఎక్కినయో చూసిన. అందులో తెలుగు టైపింగ్ టూల్ ఫైల్ ఒకటి కూసోని ఉంది. నోట్‌ప్యాడ్‌ల లేదు. టూల్ సెట్టింగుల్లో చూస్తే ఏ ప్రోగ్రాంలల్ల పని చేయాల్నో ఒక లిస్టు, వర్డ్ ప్రాసెసర్, పేజ్‌మేకర్, బ్రౌజర్ ఉన్నయి, నోట్‌ప్యాడ్ లేదు. టూల్ బంద్ చేసి, వర్డ్ ప్రాసెసర్ మళ్లీ తెరిచి ఇరవై సార్లు కొట్టిన, ఒక్కసారి కూడా పడలే. టూల్ ఆన్ చేసిన, మొదటిసారికే పడ్డది. నోట్‌ప్యాడ్‌ని ఆ లిస్టుల చేర్చి చూసిన, నోట్‌ప్యాడ్ కూడా పడ్డది. ఈ ఆఖరి పరీక్షతోని నాకు నమ్మకం కుదిరింది, ఎందుకంటే తీసేస్తే పోవడం ఒకటే చాలదు, వేరే చోట పెడితే అక్కడ కూడా రావాలె.

లోపల ఏం జరిగి ఉంటదో ఆ టూల్ ప్రవర్తన బట్టి కట్టిన లెక్క ఇది. ఇసోంటి టూల్ ప్రతి కీని ముందు తను చూస్తది, తెలుగు మోడ్‌ల లేకపోయినా చూస్తది. ఈ కీకి ఏ అక్షరం వస్తదని విండోస్‌ని అడుగుతది, దానికి టు యూనికోడ్ అనే ఫంక్షన్ ఉంది. ఎన్ని అక్షరాలు వచ్చినయో అది అంకెలో చెప్తది. మామూలు కీకి 1. ఏం రాకపోతే 0. డెడ్ కీకి మాత్రం మైనస్ 1, ఇది మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లనే ఉంది. ఇంగ్లీషు, తెలుగు తప్ప వేరే ఏది చూడనోళ్లు రాసిన కోడ్‌ల ఆ మైనస్ ఒకటిని లెక్కల తీసుకోకపోతే, వచ్చిన అక్షరాల తర్వాత సున్నా పెట్టబోయి మెమరీల ఒక గడి వెనక్కి, తనది కాని చోట పెడ్తది. హీప్ పాడైతది, విండోస్ చూస్తది, ఆపేస్తది. సీ0000374, ఎన్‌టీడీఎల్ఎల్, రెండు మూడు అక్షరాల ఆలస్యం, అన్నిటికీ ఇదొక్కటే సరిపోతది. ఇంగ్లీషు కీబోర్డుల, మన ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డుల డెడ్ కీలు లేవు కాబట్టి పదేండ్లు ఈ తప్పు ఆయనకు తగల్లేదు.

ఏది నిలిచింది

మొదట ఇచ్చిన సలహా నిలవలేదు. గ్రీకు కొట్టేటప్పుడు టూల్ బంద్ చేయున్రి అన్న. కాయితం మీద అది సరైనదే, కానీ లైన్‌కి మూడు సార్లు భాష మారే పనిల మనిషి ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలె, ఒక్కసారి మర్చిపోతే పని పోతది. రెండు రోజుల్లోనే మూడు సార్లు మర్చిపోయిండ్రు. అరవై ఏండ్ల మనిషి జ్ఞాపకం మీద నిలబెట్టిన రిపేరు రిపేరు కాదు, అది నా తప్పు.

రెండోది, టూల్‌ని మొత్తానికే తీసేసి విండోస్‌ల ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టుడు. 2019 మేలో వచ్చిన 1903 అప్‌డేట్ నుంచి విండోస్ 10ల ఇది ఉంది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాటలు చూపిస్తది. దీనికి నేను మొదట్ల వెనకాడిన, పదేండ్ల చేతి అలవాటు మార్చుమని చెప్పుడు చిన్న మాట కాదు. ఆయన్నే అడిగిన. "గ్రీకు నలభై ఏండ్ల కింద నేర్చుకున్న, ఇది నేర్చుకోలేనా" అన్నరు. పది రోజులు తడబడ్డరు, ముఖ్యంగా పొల్లు హల్లులు, వట్రసుడి దగ్గర. ఆయనకు రోజూ వచ్చే ముప్పై మాటలు ఏ అక్షరాలు కొడితే వస్తయో పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ఇచ్చిన, గోడకు అంటించుకున్నరు. కీబోర్డుల లిస్టుల ఇంగ్లీషు, తెలుగు, గ్రీకు మూడే ఉంచి మిగతావి తీసేసిన, మార్చేటప్పుడు తిరుగుడు తగ్గుతది. ఆ రోజు నుంచి ఇప్పటిదాక, ఐదు నెలలు, ఆ ప్రోగ్రాం ఒక్కసారి కూడా పడలే. టూల్ తయారుచేసినోళ్లకు ఏ కీబోర్డు, ఏ కీ, ఏ వరస అన్నీ రాసి మెయిల్ పెట్టిన.

మా షాపుల ఇప్పుడు టైపింగ్ సమస్యతోని ఎవరొచ్చినా, అబ్బాయిలకు ముందు పేస్ట్ చేసి చూడమని చెప్తున్న. పేస్ట్ చేస్తే పడుతుందా, కొడితేనే పడుతుందా. అక్షరం వైపు వెతకాల్నో కీబోర్డు వైపు వెతకాల్నో దాంతోనే సగం తెలుస్తది. ఇంకోటి, బాగైందని పంపే ముందు ఆ మనిషినే కూసోబెట్టి, తన వరసల తను పని మొదలుపెట్టేదాక చూస్తున్నం, మా పరీక్ష మా టేబుల్ మీద ఎంత మంచిగ వచ్చినా సరే.

తర్వాత ఒక సంగతి బయటపడ్డది. యోహాను మొదటి అధ్యాయంల లోగోస్ అన్న మాట మొదటి వచనంల మూడు సార్లు, పద్నాలుగులో ఒకసారి వస్తది. ఆ పాఠంల అయ్యగారు ఆ మాట వెతికితే రెండే దొరుకుతున్నయి, కంటికి చూస్తే నాలుగూ ఒక్కతీరే ఉన్నయి. ప్రోగ్రాం పడే రోజుల్లో రెండు మాటలు ఒక పాత ఫైల్ నుంచి పేస్ట్ చేసిండ్రంట. వాటిల్ల ఓమిక్రాన్ మీద ఉన్నది ఓక్సియా, కోడ్ 1ఎఫ్79. ఆయన చేత్తో కొట్టిన వాటిల్ల ఉన్నది టోనోస్, కోడ్ 03సీసీ. యూనికోడ్ లెక్కల ఈ రెండూ సమానమే, నార్మలైజ్ చేస్తే, అంటే సమానమైన కోడ్‌లను ఒకే కోడ్‌కి మారిస్తే, మొదటిది రెండోది అయిపోతది, కానీ ఈ ప్రోగ్రాం వెతికేటప్పుడు వాటిని వేరుగా చూస్తున్నది. వేరే గుర్తేం కలవకుండ ఈ ఒక్క గుర్తే ఉన్న చిన్న అక్షరాల్లో ఇసోంటి జంటలు ఒక్కో అచ్చుకి ఒకటి చొప్పున ఏడు. ఫైల్ కాపీ తీసి, ఏడింటికీ ఒక్కొక్కటిగా ఫైండ్ అండ్ రీప్లేస్ చేసి, ఎన్ని మారినయో పక్కన రాసుకున్న, ఆయన తన పుస్తకం ముందర పెట్టుకొని ఒక్కో మాట సరిచూసిండ్రు. సాయంత్రం లోగోస్ మళ్లీ వెతికినం. నాలుగు వచ్చినయి.